అండాశయపు క్యాన్సరు - ఎవరికి, ఎందుకు?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు ఆరోగ్యానికి సంబంధించిన విషయం ఏదైనా మాట్లాడమని సంఘం వారు మమ్మల్ని కోరారు. మేము వైద్యులం కాము. ఉర్దూ మీడియం పాఠశాలలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయులం. అయినా పుస్తకాలు చదివి, తెలిసిన డాక్టర్లను అడిగి, అర్థమైనంత వరకు మీ ముందు పెడుతున్నాము. మేము ఎన్నుకున్న విషయం స్త్రీల అండాశయానికి వచ్చే క్యాన్సరు. ఆడవాళ్ళ సంగతి మగవాళ్ళ సభలో ఎందుకని కొందరికి తోచవచ్చు. కాని ఒక్క మాట అడుగుతాము. ఇంట్లో ఆడమనిషికి జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకుపోవాలా వద్దా అని తేల్చేది ఎవరు? బస్సు ఛార్జీ, స్కానింగ్ ఫీజు ఇచ్చేది ఎవరు? చాలా ఇళ్ళలో మగవాళ్ళే. కాబట్టి ఈ సంగతి ముందుగా వినవలసింది మగవాళ్ళే.

జబ్బు పేరు, దాని చోటు

క్యాన్సరును మన తెలుగు పల్లెల్లో పూర్వం రాచపుండు అనేవారు. ఉర్దూలో సర్తాన్ అంటాము. సర్తాన్ అంటే ఎండ్రకాయ. గ్రీకులు కూడా ఈ జబ్బుకు ఎండ్రకాయ పేరే పెట్టారు. నాలుగు వైపులా కాళ్ళు చాచి పట్టుకుంటుంది కనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు.

ఇక అండాశయం అంటే ఏమిటో సరిగా తెలుసుకోవాలి. ఎందుకంటే మనవాళ్ళు అన్నిటినీ కలిపి బచ్చేదాని అనేస్తారు. బచ్చేదాని అంటే గర్భసంచి, బిడ్డ పెరిగే చోటు. దానికి ఇరుపక్కలా బాదంకాయ అంతేసి రెండు అండాశయాలు ఉంటాయి. ఉర్దూ పాఠ్యపుస్తకాలలో దీనిని బైజాదాని అని రాస్తారు. నెలకొక అండం ఇక్కడినుంచే విడుదల అవుతుంది. ఆ అండాన్ని గర్భసంచికి చేర్చే సన్నని గొట్టాలు అండవాహికలు. గర్భసంచి కింది భాగం ముఖద్వారం. ఈ నాలుగూ నాలుగు వేరు చోట్లు. ఒక్కొక్క చోట వచ్చే క్యాన్సరు వేరు, దాని కారణం వేరు, దాని పరీక్ష వేరు. ముఖద్వారపు క్యాన్సరుకు వైరస్ కారణం, దానికి టీకా ఉంది, ముందుగా పట్టే పరీక్ష ఉంది. అండాశయానికి అటువంటి టీకా లేదు, ముఖద్వారానికి చేసే పాప్ పరీక్షలో ఇది బయటపడదు. ఈ తేడా తెలియక ఎంత నష్టం జరుగుతున్నదో ముందు ముందు చెబుతాము.

మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము, ముఖద్వారం తరువాత మూడవ స్థానం అండాశయానిది. 2022 అంచనాల ప్రకారం ఒక్క ఏడాదిలో దేశంలో సుమారు 47 వేల మందికి కొత్తగా వచ్చింది. ఆ ఏడాదే సుమారు 33 వేల మంది దీనివల్ల చనిపోయారు. రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ జబ్బు స్వభావం తెలుస్తుంది. అరుదుగానే వస్తుంది, కాని వస్తే ఎక్కువమందిని తీసుకుపోతుంది. అండాశయంలోనే ఉండగా పట్టుకుంటే నూటికి 90 మంది అయిదేళ్ళు దాటి బతుకుతారు. కడుపంతా పాకిన తరువాత అయితే నూటికి 30 మంది చొప్పున మాత్రమే. దురదృష్టమేమంటే నలుగురిలో ముగ్గురు పాకిన తరువాతనే ఆసుపత్రికి చేరుతున్నారు.

కారణం వేరు, ముప్పు వేరు

"మాస్టర్ సాబ్, ఇది ఎందుకు వస్తది?" అని అడుగుతారు. దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు. దోమ కుడితే మలేరియా వచ్చినట్టు ఫలానా దాని వల్ల అండాశయపు క్యాన్సరు వస్తుందని చెప్పలేము. డాక్టర్లు చెప్పేది ముప్పును పెంచే సంగతులు. ముప్పు అంటే ఏమిటి? చెరువు కట్ట కింద ఇల్లు కట్టుకున్నవాడికి వరద ముప్పు ఎక్కువ. అంటే వరద తప్పక వస్తుందని కాదు, గుట్టమీద ఉన్నవాడికి ఎప్పుడూ ఇల్లు కూలదనీ కాదు. ముప్పు లెక్కలో ఒక్కటీ లేని స్త్రీకి కూడా ఈ జబ్బు రావచ్చు. అన్నీ ఉన్న స్త్రీ నిండు నూరేళ్ళు బతకవచ్చు. ఈ మాట మనసులో పెట్టుకుని తక్కినది వినండి.

మొదటి ముప్పు వయస్సు. ముట్లుడిగిన తరువాత, అంటే యాభై దాటిన తరువాత ఈ జబ్బు ఎక్కువ. చిన్న వయస్సులో రాదని కాదు. సినిమా నటి మనీషా కొయిరాలాకు 2012లో బయటపడినప్పుడు ఆమెకు 42 ఏళ్ళు. న్యూయార్కులో చికిత్స చేయించుకుని ఆమె కోలుకున్నారు. కాని లెక్క మొత్తం మీద చూస్తే ఇది పెద్ద వయస్సు స్త్రీల జబ్బే.

రెండవది అండాల విడుదల. ఈ సంగతిని మొదట గట్టిగా చెప్పినవారు ఈజిప్టు దేశపు డాక్టర్ మహమూద్ ఫతల్లా. అస్యూత్ విశ్వవిద్యాలయానికి చెందిన వీరు 1971లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. అండం విడుదలైన ప్రతిసారీ అండాశయం పైపొర చిట్లి మళ్ళీ మానుతుంది. ఎడతెగకుండా ఇలా చిట్లడం, మానడం జరుగుతుంటే ఏదో ఒకసారి కణం దారి తప్పవచ్చునని వారి ఆలోచన. దీనికి మన ఇంటి ముంగిట్లోనే ఒక ఉదాహరణ ఉంది. జంతువులలో చాలావాటికి ఈ జబ్బు అరుదు. కాని గుడ్లు పెట్టే కోడికి, వయస్సు మీరినకొద్దీ ఇది తరచుగా వస్తుంది. అందుకే శాస్త్రజ్ఞులు ఈ జబ్బును కోళ్ళలో పరిశీలిస్తారు.

ఈ లెక్కను మన ఇళ్ళకు వర్తింపజేసి చూడండి. పదమూడవ ఏట నెలసరి మొదలై నలభై ఎనిమిదవ ఏట ఆగితే మధ్యలో నాలుగు వందలకు పైగా అండాలు విడుదల అవుతాయి. మన నానీల, దాదీల కాలంలో ఏడుగురు పిల్లల తల్లి ఒక్కొక్క కాన్పుకు, పాలిచ్చే కాలానికి కలిపి ఇరవై నెలలు నెలసరి లేకుండా ఉన్నదనుకుంటే, దాదాపు పన్నెండేళ్ళు అండాశయానికి సెలవు దొరికినట్టే. కనుకనే పిల్లల్ని కన్నవారికి, చాలాకాలం పాలిచ్చినవారికి ముప్పు కొంత తక్కువ. పిల్లలు పుట్టనివారికి, నెలసరి త్వరగా మొదలై ఆలస్యంగా ఆగినవారికి కొంత ఎక్కువ. గర్భనిరోధక మాత్రలు కూడా అండం విడుదలను ఆపుతాయి. 21 దేశాల పరిశోధనలను కలిపి 2008లో లెక్క కట్టగా, ఆ మాత్రలు పదిహేనేళ్ళు వాడినవారిలో ముప్పు దాదాపు సగానికి తగ్గినట్టు తేలింది.

ఇక్కడ రెండు మాటలు గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఈ జబ్బుకు భయపడి ఎక్కువమంది పిల్లల్ని కనండని ఎవరూ అనకూడదు. వరుస కాన్పుల వల్ల తల్లి ప్రాణానికి ఉన్న అపాయం దీనికంటే పెద్దది. మాత్రలను కూడా మెడికల్ షాపులో సొంతంగా కొని మింగకూడదు. బీపీ ఉన్నవారికి, రక్తం గడ్డకట్టే గుణం ఉన్నవారికి అవి పనికిరావు. ఇక రెండవ మాట. పిల్లలు లేని స్త్రీని మన సమాజం ఇప్పటికే ఎన్ని మాటలు అంటుందో మనకు తెలుసు. శుభకార్యంలో ముందుకు రానివ్వరు, పసిబిడ్డను చేతికివ్వరు. ఆ పైన "పిల్లలు లేరు కనుకే దానికి ఈ జబ్బు" అని మరో మాట కలపకండి. ముప్పు అనేది లెక్కల మాట. అది ఎవరి తప్పూ కాదు.

మూడవది, కొత్తగా తెలిసిన సంగతి. 2001లో నెదర్లాండ్స్ డాక్టర్లు చూపిన దారిలో పరిశోధన సాగి, మనం అండాశయపు క్యాన్సరు అంటున్న దానిలో ఎక్కువ భాగం నిజానికి అండవాహిక చివరి కుచ్చులో మొదలై అండాశయం మీదికి పాకుతుందని తేలింది. మన జిల్లాల్లో పిల్లల ఆపరేషన్ అనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారిలో, అనగా అండవాహికలను కట్టివేసినవారిలో, ఈ ముప్పు కొంత తక్కువగా ఉండటాన్ని కూడా డాక్టర్లు గమనించారు.

చిన్న ముప్పులు మరికొన్ని ఉన్నాయి. గర్భసంచి లోపలి పొర బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు ఉన్నవారికి కొన్ని రకాల అండాశయపు క్యాన్సర్లు ఎక్కువ. ముట్లుడిగాక హార్మోను మాత్రలు ఏళ్ళ తరబడి వాడితే కొద్దిగా ఎక్కువ. యాభై ప్రాంతంలో మొదలుపెట్టి అయిదేళ్ళు వాడిన వెయ్యి మందిలో ఒకరికి అదనంగా వస్తుందని 2015లో లెక్క చెప్పారు. స్థూలకాయం కూడా ముప్పును కొంత పెంచుతుంది. ఫ్యాక్టరీలలో ఆస్‌బెస్టాస్ ధూళిని ఏళ్ళకేళ్ళు పీల్చిన స్త్రీలలో ఇది ఎక్కువని రుజువైంది. టాల్కం పౌడరును రహస్యాంగాల వద్ద చల్లుకునే అలవాటు మీద చాలాకాలం వాదం నడిచింది. 2024లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ టాల్క్‌ను "బహుశా క్యాన్సరు కలిగించేది" అనే వర్గంలో చేర్చింది. ముఖానికి రాసుకునేదాని గురించి హడలిపోనక్కరలేదు గాని, ఆ చోట చల్లుకునే అలవాటు మానుకోవడం మంచిది. పసిపిల్లల తల్లులు కూడా గుర్తుంచుకోవాలి.

తండ్రి వైపు కూడా చూడండి

అన్నిటికంటే ముఖ్యమైన ముప్పు వంశం. ఈ జబ్బు వచ్చిన నూరు మందిలో ఇరవై మంది వరకు తల్లి నుంచో తండ్రి నుంచో సంక్రమించిన జన్యు లోపం ఉన్నవారే. అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ 1990లో ఈ లోపం 17వ క్రోమోజోము మీద ఉన్నదని చూపించారు. 1994లో మొదటి జన్యువును, 1995లో రెండవదాన్ని పట్టుకున్నారు. వీటిని బ్రాకా ఒకటి, బ్రాకా రెండు అంటారు. మామూలుగా ఈ జబ్బు అమెరికా వంటి దేశాలలో సుమారు 90 మంది స్త్రీలలో ఒకరికి వస్తుంది, మన దేశంలో అంతకంటే తక్కువ. బ్రాకా ఒకటిలో లోపం ఉంటే జీవితకాలంలో నూటికి 39 నుంచి 58 మందికి, బ్రాకా రెండులో ఉంటే నూటికి 13 నుంచి 29 మందికి వస్తుంది. రొమ్ము క్యాన్సరు ముప్పు కూడా వీరికి చాలా ఎక్కువ.

ఈ లోపం కొడుకుకూ సంక్రమిస్తుంది, కూతురుకూ సంక్రమిస్తుంది. ఎవరికైనా సగం సగం అవకాశం. అంటే మీ దాదీకి ఉన్న లోపం మీ అబ్బాజాన్‌కు రావచ్చు, ఆయనకు ఏ జబ్బూ కనిపించకపోవచ్చు, ఆయన నుంచి మీ చెల్లెలికి రావచ్చు. అందువల్ల అమ్మ, నానీ, ఖాలా సంగతి మాత్రమే అడిగితే చాలదు. దాదీ, ఫూఫీ సంగతి కూడా అడగాలి. మేనత్త రొమ్ము క్యాన్సరుతో నలభై ఏళ్ళకే పోయిందా, దాదీ కడుపులో నీరు చేరి పోయిందా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు ఒకే ఇంట్లో పలువురికి ఉన్నా చెప్పాలి, అది లించ్ సిండ్రోమ్ అనే మరొక వంశపారంపర్య లోపం కావచ్చు.

చుట్టరికంలో పెళ్ళిళ్ళ వల్ల ఇది వస్తుందా అని అడుగుతారు. ఈ లోపం తల్లిదండ్రులలో ఒక్కరి నుంచి వచ్చినా చాలు కనుక, మేనరికం గాని ఖాలా పిల్లల మధ్య పెళ్ళి గాని ఈ జబ్బుకు కారణం కాదు. అయితే ఇద్దరికీ ఇదే లోపం ఉంటే పుట్టే బిడ్డకు అరుదైన, తీవ్రమైన రక్తపు జబ్బు రావచ్చు. కాబట్టి లోపం ఉన్నదని తెలిసిన వంశంలో చుట్టరికం కలుపుకునే ముందు జన్యు వైద్యుల సలహా తీసుకోవాలి. హైదరాబాదు నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగమే ఉంది.

లోపం ఉన్నదని తెలిస్తే ఏం చేస్తారు? 2013లో హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ తనకు బ్రాకా ఒకటి లోపం ఉన్నదని లోకానికి చెప్పారు. ఆమె తల్లి క్యాన్సరుతోనే 56 ఏళ్ళకు చనిపోయారు. 2015లో ఆమె అండాశయాలను, అండవాహికలను ముందే తీయించుకున్నారు. ఇటువంటి లోపం ఉన్నవారికి, పిల్లలు చాలనుకున్న తరువాత, 35 నుంచి 45 ఏళ్ళ మధ్య డాక్టర్లు ఈ సలహానే ఇస్తారు. దానితో ముప్పు చాలావరకు తగ్గుతుంది. ఇది పరీక్షలో లోపం తేలినవారికి మాత్రమే వర్తించే మాట. ఎందుకు ఇంత నొక్కి చెబుతున్నామో వినండి.

భయం ఒకచోట, ప్రమాదం మరొకచోట

2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. అంటే మన దగ్గర దేశపు సగటుకు రెండింతలు దాటింది. మన ఆడవాళ్ళ గర్భసంచులు మాత్రమే అంతగా చెడిపోయాయా? కాదు. తెల్లబట్ట అయిందని, నడుం నొస్తున్నదని పోతే "ఉంచుకుంటే క్యాన్సర్ అయితది" అన్న మాట ఒకటి చెవిలో పడుతుంది. ఆ మాటతో ముప్ఫై ఏళ్ళ మనిషి అప్పు చేసి ఆపరేషన్ బల్ల ఎక్కుతుంది. అవసరం లేని ఈ ఆపరేషన్ల మీద కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2023 ఏప్రిల్‌లో న్యాయస్థానం కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఇందాక చెప్పిన నాలుగు చోట్ల తేడా ఇక్కడ గుర్తు చేసుకోండి. గర్భసంచి ఒక్కటి తీస్తే అండాశయాలు అక్కడే ఉంటాయి, క్యాన్సరు భయం తీరినట్టు కాదు. పోనీ అండాశయాలు కూడా తీసేస్తే? ముప్ఫై అయిదేళ్ళకే ముట్లుడిగిన శరీరం అవుతుంది. ఎముకలు బలహీనపడతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. వంశంలో లోపం లేని మనిషికి ఇది మేలు కాదు, కీడు. నిజంగా అవసరమై గర్భసంచి తీయవలసి వస్తే, అండవాహికలను కూడా తీసివేసి, మంచిగా ఉన్న అండాశయాలను ఉంచే పద్ధతి ఒకటి వచ్చింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2010 నుంచి దీనిని ప్రోత్సహిస్తున్నారు. ఆపరేషన్ తప్పదన్నప్పుడు ఏమేమి తీస్తారు, ఏమేమి ఉంచుతారు అని డాక్టరును అడిగే హక్కు మనకు ఉంది. ఒక్క డాక్టరు మాట మీద కాక రెండవ డాక్టరుకు కూడా చూపించండి.

ఇక మరోవైపు చూడండి. మా పాఠశాలలో చదివే ఒక అమ్మాయి నెల రోజులు బడికి రాలేదు. కబురు పంపితే ఇంట్లో దాదీకి సుస్తీ, వంట ఆ పిల్లే చేస్తున్నదని తెలిసింది. ఆ పెద్దామెకు అరవై ఏళ్ళు. ఆరు నెలలుగా కడుపు ఉబ్బరం, రెండు ముద్దలు తినగానే చాలనిపించడం, ఊరికే మూత్రానికి పోవాలనిపించడం. ఊళ్ళో సూది మందు వేసేవారు గ్యాస్ అన్నారు. ఇంట్లోవాళ్ళు నజర్ తగిలిందన్నారు. ఆమె మాత్రం "ఈ వయస్సులో నాకు స్కానింగ్ ఏమిటి బేటా, పిల్లల ఫీజులు కట్టుకోండి" అన్నది. స్కానింగ్ చేసేనాటికి కడుపులో నీరు చేరింది, జబ్బు పాకింది.

ముప్ఫై ఏళ్ళ మనిషి భయపడనక్కరలేని చోట భయపడి కడుపు కోయించుకుంటున్నది. అరవై ఏళ్ళ మనిషి భయపడవలసిన చోట గ్యాస్ మాత్ర మింగి ఊరుకుంటున్నది. మన జిల్లాల్లో జరుగుతున్నది ఇదే. ఈ రెండింటినీ సరిదిద్దుకోవాలని చెప్పడానికే మేము ఈరోజు నిలబడ్డాము.

మన దగ్గర వినిపించే ప్రశ్నలు

నల్లగొండ నీళ్ళ వల్ల వస్తుందా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ ఎంతమంది పళ్ళను, ఎముకలను పాడు చేసిందో, ఎంతమంది నడుములు వంచిందో మనం కళ్ళారా చూచిన సంగతి. కాని అండాశయపు క్యాన్సరుకు ఫ్లోరైడ్ కారణమని రుజువు లేదు. ప్రతి జబ్బునూ నీళ్ళ మీద వేస్తే అసలు కారణం వెదకడం మానేస్తాము.

పిల్లల కోసం మందులు వాడితే వస్తుందా? ఆ మందుల వల్ల ఈ జబ్బు పెరుగుతుందని స్పష్టంగా తేలలేదు. నజర్, చేతబడి వల్లనా? దువా చేయండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. కాని దువా చేస్తూనే స్కానింగ్‌కు కూడా పోండి. అంటుకుంటుందా? అంటుకోదు. ఆమె పళ్ళెంలో తినవచ్చు, పక్కన పడుకోవచ్చు.

అందరూ ఏడాదికొకసారి పరీక్ష చేయించుకుంటే పోదా? ఇంగ్లాండు తదితర ప్రాంతాలలో రెండు లక్షల మంది స్త్రీలకు సీఏ 125 అనే రక్త పరీక్షతో, స్కానింగ్‌తో ఏళ్ళ తరబడి పరిశీలించారు. 2021లో వచ్చిన ఫలితం ఏమంటే, ఏ బాధా లేని మామూలు స్త్రీలకు ఈ పరీక్షలు చేసినందువల్ల మరణాలు తగ్గలేదు. కనుక ప్యాకేజీల ప్రకటనలు చూచి డబ్బు పారేసుకోకండి. బాధ ఉన్నవారికి మాత్రం ఈ పరీక్షలు అవసరం. ఒక హెచ్చరిక కూడా ఉంది. కడుపులో టీబీ ఉన్నా నీరు చేరుతుంది, సీఏ 125 పెరుగుతుంది. రిపోర్టులో అంకె చూచి ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టవద్దు. తేల్చవలసింది పెద్దాసుపత్రి డాక్టర్లు.

ఎప్పుడు కదలాలి?

నాలుగు గుర్తులు చెబుతాము, రాసుకోండి. ఒకటి, కడుపు ఉబ్బరం. రెండు, కొద్దిగా తినగానే కడుపు నిండినట్టు ఉండటం. మూడు, పొత్తికడుపులో గాని కడుపులో గాని నొప్పి. నాలుగు, మాటిమాటికి లేదా ఆపుకోలేకుండా మూత్రం రావడం. ఇవి అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఉండేవే. దావత్‌లో బిర్యానీ తిన్న మర్నాడు ఉబ్బరం ఉంటే అది క్యాన్సరు కాదు. కాని కొత్తగా మొదలై, నెలలో పన్నెండు రోజులకు మించి కనిపిస్తూ, మందులకు తగ్గకపోతే, ముఖ్యంగా యాభై దాటిన స్త్రీకి అయితే, ఆలస్యం చేయకుండా కడుపు స్కానింగ్ చేయించాలి. ముట్లుడిగిన తరువాత మళ్ళీ రక్తం కనిపించినా వెంటనే చూపించాలి.

పాలమూరు నుంచి వలస పోయే కుటుంబాలకు ఒక మాట. పని చోట ఉన్నాము, ఊరికి పోయాక చూపిద్దాం అని నాలుగు నెలలు ఆగకండి. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. స్త్రీల డాక్టర్లు ఉన్నారు, స్కానింగ్ ఉంది. అక్కడ అనుమానం తేలితే హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మెహదీ నవాజ్ జంగ్ గారి పేరున 1955 నుంచి నడుస్తున్న ప్రభుత్వ ఆసుపత్రి అది. ఆరోగ్యశ్రీ కింద చికిత్స పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. రేషన్ కార్డు, ఆధార్ తీసుకుని పోండి. డబ్బు లేదన్న ఒక్క కారణంతో ఇంట్లో కూర్చోవద్దు.

సంఘానికి మా మనవి

చివరగా ఒక బాధాకరమైన సంగతి. మన ఇళ్ళలో ఈ జబ్బును దాచడానికి సిగ్గు ఒక్కటే కారణం కాదు. "ఆ ఇంట్లో క్యాన్సర్ ఉన్నదట" అని తెలిస్తే ఆడపిల్లకు రిష్తా రాదని భయం. తల్లి జబ్బు సంగతి చుట్టాలకు చెప్పరు. ఫూఫీ దేనివల్ల పోయిందని పిల్ల అడిగితే "బుఖార్" అంటారు. ఆ అబద్ధం వల్ల రేపు ఆ పిల్లకు ముందుగా జాగ్రత్త పడే అవకాశం పోతుంది. తప్పు దాచినవారి మీద వేయడం సులువు. కాని వారిని దాచేటట్టు చేస్తున్నది రిష్తా తిరస్కరించే మనమే. వంశంలో జబ్బు తెలుసుకోవడం ఆ బిడ్డను కాపాడుకోవడానికి, వదులుకోవడానికి కాదు. పెద్దలు ఈ విషయంలో నలుగురికి మార్గం చూపాలి.

సంఘం వారిని మేము మూడు పనులు అడుగుతున్నాము. ఏడాదికొకసారి ఆడవారికి మాత్రమే, లేడీ డాక్టరుతో ఒక సమావేశం పెట్టండి. వారు పరదాలోనే కూర్చుని అడగదలచుకున్నవి అడుగుతారు. హైదరాబాదు ఆసుపత్రికి పోవలసిన పేద స్త్రీకి, తోడు పోయేవారికి బస్సు ఛార్జీ, రెండు రోజుల భోజనం సంఘం నిధి నుంచి ఇప్పించండి. చికిత్స ఉచితమైనా దారి ఖర్చుకు ఆగిపోయేవారు ఉన్నారు. మూడవది, గర్భసంచి ఆపరేషన్ చెప్పారని వచ్చిన ప్రతి కుటుంబాన్నీ ప్రభుత్వ ఆసుపత్రిలో మరొక డాక్టరుకు చూపించుకోమని చెప్పండి.

ఇక ఇంటికి పోయాక మీలో ప్రతి ఒక్కరూ చేయవలసిన పని ఒకటి ఉన్నది. ఒక నోటు పుస్తకంలో తల్లి వైపు, తండ్రి వైపు ఎవరెవరు ఏ జబ్బుతో, ఏ వయస్సులో పోయారో పెద్దవాళ్ళను అడిగి రాయించండి. దాదీలు, నానీలు ఉండగానే రాయించండి. వారు పోతే ఆ సంగతులు కూడా పోతాయి. రాసిన పుస్తకాన్ని ఇంట్లో ఆడపిల్లల చేతికి ఇవ్వండి. వారు డాక్టరు దగ్గరికి పోయిన రోజున ఆ పుస్తకం వెంట ఉండాలి.